కస్టమర్ కోరిక మేరకు

రాష్ట్రం విడిపోయిన మరుసటి వేసవిలో, ఏప్రిల్ నెల మొదట్లో, నన్ను మా డీలరుగారి బెజవాడ షోరూములో సర్వీస్ ఇన్‌ఛార్జిగా వేశారు. అంతకుముందు చాలా ఏళ్లు మెకానిక్కుగా, ఆ తరువాత సూపర్‌వైజరుగా, సర్వే ఇంజినీరుగా పనిచేశాను. ఇంజినీరంటే పెద్ద చదువేమీ కాదు, పాలిటెక్నిక్ డిప్లొమా. టేపూ, అట్టా పట్టుకుని ఏసీ కోసం ఇంటికి వచ్చినవాణ్ణి జనం ఇంజినీరుగారూ అనే పిలుస్తారు. మేమూ కాదనం. ఆ పిలుపు వినడానికి బాగుంటుంది.

ఇన్‌ఛార్జి పని ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను. అమ్మడం సేల్స్ వాళ్ల వంతు. అమ్మిన దాన్ని బిగించడం, ఫిర్యాదు వస్తే మనిషిని పంపడం, ఆ ఫిర్యాదు తీరిందని సంతకం పెట్టి మూయడం నా వంతు. నా కింద ఆరుగురు మెకానిక్కులు ఉండేవారు. ఎండాకాలం వచ్చిందంటే ఆరుగురు కాదు, పదహారుగురున్నా చాలరు. అందుకని ఆ రెండు నెలలూ సర్వేలకు నేనే వెళ్లేవాణ్ణి.

సర్వే అంటే గది కొలతలు తీసుకోవడమని చాలామంది అనుకుంటారు. అది అందులో చిన్న భాగం. గది పైన ఇంకో అంతస్తు ఉందా లేక డాబా నేరుగా ఎండలో కాలుతోందా, ఏ గోడకు పడమటి ఎండ తగులుతుంది, మీటరు ఎంత లోడు తట్టుకుంటుంది, ఇవన్నీ చూడాలి. అన్నిటికన్నా ముఖ్యం బయట పెట్టే యూనిట్. ఏసీ చల్లదనాన్ని పుట్టించదు. గదిలో ఉన్న వేడిని మోసుకెళ్లి బయట పారబోస్తుంది. పారబోసిన వేడి దూరంగా పోవడానికి చోటుండాలి. చోటు లేకపోతే అది వదిలిన వేడిని మళ్లీ అదే పీల్చుకుంటుంది, కాసేపటికి లోపల ఒత్తిడి పెరిగి కంప్రెసర్ తనంతట తాను ఆగిపోతుంది. ఇది ఈ వృత్తిలో మొదటి పాఠం, మొదటి నెలలోనే నేర్పుతారు. నాకు తెలియక జరిగింది కాదని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

సర్వే ఫారంలో చివర రిమార్కులు అని ఒక గడి ఉంటుంది. మేం ఒకచోట పెట్టమంటే ఇంటివాళ్లు ఇంకోచోట పెట్టమంటారు. పెడతాం. పెట్టాక పనిచేయకపోతే మా పీకల మీదికి వస్తారు. ఆ బాధ పడలేక నేనే ఒక పద్ధతి కనిపెట్టాను. మా మాట కాదన్న ప్రతిచోటా ఆ గడిలో, తెలుగులో, ఇంటివాళ్ల చేతిరాతతోనే, 'యూనిట్ స్థలం కస్టమర్ కోరిక మేరకు నిర్ణయించడమైనది' అని రాయించి కింద సంతకం తీసుకోవడం. వాళ్ల చేతిరాత ఉంటే రేపు ఎవరూ మాట మార్చలేరు. మా ప్రొప్రయిటరుగారికి ఇది తెగ నచ్చింది. మిగతా బ్రాంచీల వాళ్లను కూడా పిలిచి నాచేత చెప్పించాడు. నేను కాలరెగరేసుకుని చెప్పాను.

ఆ ఏప్రిల్ మూడో వారంలో కంకిపాడు దాటాక ఒక ఊరి నుంచి వచ్చిన ఆర్డరు మీద సర్వేకి వెళ్లాను. వెంకటేశ్వరరావుగారని చెరుకు రైతు. ఉయ్యూరు ఫ్యాక్టరీకి సొంత ట్రాక్టరు మీద చెరుకు తోలుకుంటాడు. భార్య నాగమణిగారు ఇంట్లోనే మిషను మీద జాకెట్లు కుడుతుంది. పక్క ఇల్లు ఆయన అన్నగారు సీతారామయ్యగారిది. రెండిళ్లకూ మధ్య ఒకే ప్రహరీ. పైన ఇంకో అంతస్తు వేద్దామని స్తంభాల ఊచలు అలాగే వదిలేసిన డాబా ఇల్లు. మా జిల్లాలో సగం ఇళ్లు అలాగే ఉంటాయి, పై అంతస్తు మాత్రం రాదు.

ఏసీ కావలసింది వాళ్లమ్మాయి మౌనిక కోసం. పన్నెండేళ్ల పిల్ల, ఏడో తరగతి. పుట్టుకతోనే ఒంట్లో చెమట గ్రంథులు లేవు. జుట్టు పల్చగా, పళ్లు నాలుగైదే, అవీ మొనదేలి ఉన్నాయి. మనకు ఎండ తగిలితే చెమట పట్టి ఒళ్లు చల్లబడుతుంది. ఆ పిల్లకు పట్టదు, ఒళ్లు పెనంలా కాలిపోతుంది. ఫిబ్రవరి చివర నుంచే తడితువ్వాలు కప్పుకుని కూర్చునేదట. అంతకుముందు వేసవిలో ఒకసారి స్పృహ తప్పింది. ఈసారి ఎండలు ఎక్కువగా ఉంటాయి, గది చల్లగా లేకపోతే నేను పూచీ పడనని బెజవాడ డాక్టరుగారు ముఖం మీదే చెప్పాడు. అందుకని పంట డబ్బు రాగానే మా షోరూముకు వచ్చారు.

వెంకటేశ్వరరావుగారు మొదట కూలర్ సంగతి అడిగాడు. తక్కువలో అయిపోతుంది కదాని. వద్దని చెప్పాను. కూలర్ గాలిని నీళ్లతో తడిపి వదులుతుంది. మైలవరం వైపు ఎండుగాలిలో కాస్త పని చేస్తుందేమోగానీ, చుట్టూ కాలువలున్న డెల్టాలో గాలిలో అప్పటికే కావలసినంత తేమ ఉంటుంది. దానికి ఇంకా తేమ కలిపితే గది ఉడికిపోతుంది. ఆ తేమలో పిల్ల కప్పుకున్న తడితువ్వాలు కూడా ఆరదు, ఆరకపోతే ఒంటికి చలవ ఉండదు. ఇదంతా ఆయన శ్రద్ధగా విన్నాడు. "సరేనండీ, మీరు వద్దంటే వద్దు. కూలర్ మాటే ఎత్తను" అన్నాడు. ఆ మనిషి వినే మనిషి. ఈ సంగతి గుర్తుంచుకోండి.

డాబా మీద తెల్లగా సున్నం కొట్టించి, పైన కొబ్బరాకులతో పందిరి వేయిస్తే చిన్న ఏసీ సరిపోతుందన్నాను. ఊచలకు వాసాలు కట్టి పందిరి వేయించే పని సీతారామయ్యగారు తన మీద వేసుకున్నాడు. మీటరు నుంచి ఏసీకి విడిగా వైరు లాగాలన్నాను. లాగిస్తామన్నారు. స్టెబిలైజరు లేకుండా పెట్టవద్దన్నాను. దానికీ తలూపారు. సగం ఖర్చు అన్నగారే పెట్టుకుంటున్నాడని అప్పుడే తెలిసింది.

మౌనిక తలుపు దగ్గర తడితువ్వాలు కప్పుకుని నిలబడి అంతా వింటోంది. ఏసీ నుంచి నీళ్లు ఎందుకు కారతాయని అడిగింది. గాలిలో ఉన్న తేమ చల్లటి రేకులకు తగిలి నీరై కారుతుందని చెప్పాను.

"అంటే మిషనుకు చెమట పడుతుందన్నమాట. పోన్లెండి అంకుల్, నా వంతు చెమట కూడా దాన్నే కార్చమనండి" అంది.

వాళ్లమ్మ "నోరు మూసుకోవే" అని కసిరింది గానీ, తనూ నవ్వింది. నేనూ నవ్వాను. చాలా ఏళ్ల సర్వీసులో ఏసీ పని ఇంత తేలిగ్గా అర్థం చేసుకున్న కస్టమర్ ఇంకొకరు తగల్లేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. పిల్ల గది ఇంటికి ఈశాన్యం మూల. ఉత్తరం గోడకు కిటికీ, దాని అవతల ఖాళీ దొడ్డి, అంతా గాలి. ఆ కిటికీలో ఒక విండో ఏసీ కూర్చోబెడితే పని అయిపోయేది. అది చవక, బిగింపు తేలిక, రిపేరు తేలిక. వేడంతా దొడ్లోకి పోతుంది. గదిలోకి అడుగు పెట్టగానే నాకు తోచింది ఇదే. నోటితోనూ అదే చెప్పాను.

సీతారామయ్యగారు ముఖం చిట్లించాడు. "ఈశాన్యంలో నిప్పు పెడతామా ఇంజినీరుగారూ? అది వేడి కక్కే మిషను కదా. ఈశాన్యం దెబ్బతినే ఈ పిల్లకు ఇలా అయింది. అక్కడ స్నానాలగది ఉండేది, మేమే పగలగొట్టించాం. మళ్లీ అదే మూల నిప్పు పెడితే ఎట్లా? ఆగ్నేయంలో పెట్టండి" అన్నాడు.

ఆయన మూర్ఖుడు కాదు. పిల్ల మీద ప్రాణం. పిల్లకు కీడు జరగకూడదనే ఆయన తాపత్రయమంతా. కాకపోతే ఆ ఇంట్లో ఆగ్నేయం అంటే వంటగది మూల. ఉత్తరం, తూర్పు వదిలి దక్షిణానికి ఇరుకుగా కట్టే మన వాడుక ప్రకారం, వంటగదికీ ప్రహరీకీ మధ్య దక్షిణం పక్కన మిగిలింది రెండడుగుల సందు. దాని మీద వానకు తడవకుండా రేకులు కప్పారు. గ్యాస్ అయిపోయినప్పుడు వాడుకునే కట్టెల పొయ్యి కూడా అక్కడే. బయటి యూనిట్ పెట్టడానికి అంతకన్నా పనికిమాలిన చోటు ఆ ఇంట్లో వెతికినా దొరకదు. పైగా విండో ఏసీ కుదరదు, స్ప్లిట్ పెట్టాలి. తూర్పు గోడ పొడుగునా కాపర్ పైపు లాగాలి.

సందులోకి వెళ్లి చూసి వచ్చాను. "ఇక్కడ గాలి ఆడదండీ, మధ్యాహ్నం ఇబ్బంది పెట్టొచ్చు" అన్నాను. సరిగ్గా ఈ మాటే అన్నాను. ఇబ్బంది పెట్టొచ్చు! ఆగిపోతుంది అనలేదు. ఇక్కడ పెడితే నేను బిగించను అనలేదు. ఆ మాట అనే అధికారం ఇన్‌ఛార్జిగా నాకుంది. ఫారం మీద 'స్థలం పనికిరాదు' అని కొట్టేస్తే సేల్స్ వాళ్లు కూడా ఏమీ చేయలేరు.

ఎందుకు అనలేదంటే చెప్పుకోవడానికి కారణాలు బోలెడు. ఆ రోజు ఇంకా నాలుగు సర్వేలు ఉన్నాయి. వాస్తు దగ్గర వాదన పెట్టుకుంటే మా షోరూము ఎదుటి షాపువాడు నవ్వుతూ బిగించి పోతాడని అనుభవం. ఆ నెల స్ప్లిట్‌లు ఎక్కువ పోవాలని ప్రొప్రయిటరుగారు పొద్దున్నే చెప్పి పంపాడు, విండోలో మిగిలేదేమీ లేదు. ఇవన్నీ నిజమే. అన్నిటికన్నా పెద్ద నిజం ఏమిటంటే, నా చేతిలో ఆ ఫారం ఉంది. ఆ గడి నింపితే నా బాధ్యత తీరిపోతుందని నాకు తెలుసు. అందుకే నోరు పెగల్లేదు.

ఫారం తీసి రిమార్కుల గడి చూపించాను. వెంకటేశ్వరరావుగారు తన చేతులు చూసుకుని, "నా రాత కోడి కెలికినట్టుంటుందండీ. మా పాప రాస్తుంది, ముత్యాల్లా రాస్తుంది" అని పిల్లను పిలిచాడు. మండలంలో చేతిరాత పోటీలో మొదటి బహుమతి ఆ పిల్లదేనట. గోడకు సర్టిఫికెట్టు కట్టించి పెట్టారు.

మౌనిక మంచం మీద కూర్చుని, అట్ట ఒళ్లో పెట్టుకుంది. నేను చెబుతుంటే రాసింది. 'మేరకు' అన్నచోట ఆగి, "అంటే ఏంటంకుల్?" అని అడిగింది.

"మీరు కోరుకున్నట్టే చేశామని అర్థమమ్మా" అన్నాను.

తలాడించి పూర్తిచేసింది. నిజంగానే ముత్యాలు. కింద వాళ్ల నాన్న సంతకం పెట్టాడు. ఫారం సంచిలో పెట్టుకుని, వాళ్లిచ్చిన మజ్జిగ తాగి, తరువాతి ఇంటికి పోయాను.

నాలుగు రోజుల్లో బిగింపు అయింది. మా మెకానిక్ తిరిగి వచ్చి, "సార్, ఆ సందులో నేను నిలబడ్డానికే చోటు లేదు, ఔట్‌డోర్ ఏం బతుకుద్ది?" అన్నాడు. "రాయించాంలే" అన్నాను. వాడికి అర్థమైంది. మా షోరూములో ఆ మాటకు అప్పటికే ఒక అర్థం ఏర్పడిపోయింది.

ఏప్రిల్‌లో మిగిలిన రోజులు బాగానే నడిచింది. పిల్ల పగలంతా గదిలోనే ఉండేదట. మే మొదటి వారం దాటాక ఎండలు ముదిరాయి. ఆ ఏడు ఎండలు ఎలా కాశాయో ఈ జిల్లాల వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం రెండు దాటితే చల్లదనం తగ్గుతోందని ఆ ఇంటి నుంచి ఫోనొచ్చింది. రోజుకు వందకు తక్కువ కాకుండా ఫోన్లు వస్తున్న రోజులు. మెకానిక్ వెళ్లేసరికి పొద్దు వాలింది. ఎండ తగ్గాక ఏ మిషనైనా బుద్ధిగా నడుస్తుంది. చూశాడు, చల్లగా వస్తోంది, 'యూనిట్ ఓకే' అని రాసుకొచ్చాడు. మా వృత్తిలో ఇది పాత రోగం. మధ్యాహ్నం జబ్బుకు సాయంత్రం వైద్యం చేసి వస్తాం. ఫిర్యాదు మూస్తూ నేను సంతకం పెట్టాను.

వారం తరువాత మళ్లీ ఫోన్. ఈసారి నాగమణిగారే చేసింది, నేనే ఎత్తాను. "రెండింటికాడి నుంచి గాలి వస్తది గానీ చల్లగా రావట్లేదండీ. ఒకసారి మధ్యాహ్నం పూట ఎవరినైనా పంపండి, మీకు దణ్ణం పెడతాను" అంది.

ఆమె పేరు చెప్పగానే నాకు సందు కళ్ల ముందు ఆడింది. కారణం నాకు తెలుసు. చూడ్డానికి మెకానిక్ కూడా అక్కర్లేదు. "ఎండలు ఎక్కువగా ఉన్నాయమ్మా, అందరికీ ఇలాగే ఉంది. రోహిణి కార్తె పోతే సర్దుకుంటుంది. మనిషిని పంపుతాను" అన్నాను. ఆ సాయంత్రం మెకానిక్ వెళ్లాడు. 'యూనిట్ ఓకే'. మళ్లీ నా సంతకం.

ఒక ముఖ్యమైన సంగతి ఆమెకు చెప్పనే లేదు. స్ప్లిట్ ఏసీలో బయట కంప్రెసర్ ఆగిపోయినా లోపల ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. లైటు వెలుగుతూనే ఉంటుంది. చప్పుడు మారదు. అవతల గదిలో ఉన్నవాళ్లకు ఏసీ నడుస్తున్నట్టే ఉంటుంది. నిజానికి తలుపులూ కిటికీలూ బిగించిన గదిలో ఉన్న వేడిగాలినే అటూ ఇటూ తిప్పుతుంటుంది. గాలి చల్లగా రాకపోతే వెంటనే తలుపులు తీసి పిల్లను బయటికి తీసుకురండి అని ఒక్క వాక్యం చెబితే సరిపోయేది. ఆ వాక్యం రాయడానికి ఏ ఫారంలోనూ గడి లేదు, నేనూ చెప్పలేదు.

మే నెలాఖరున ఒక మధ్యాహ్నం పిల్ల అన్నం తిని నిద్రపోయింది. పిల్ల నిద్ర చెడుతుందని వాళ్లమ్మ తలుపు దగ్గరగా వేసి, ముందు గదిలో మిషను కుట్టుకుంటోంది. ఏసీ చప్పుడు ఆమెకు వినబడుతూనే ఉంది. రెండు రోజులుగా ఫరవాలేదనిపించింది కాబట్టి బాగైపోయిందనుకుంది. కంప్రెసర్ ఎప్పుడు ఆగిందో ఎవరికీ తెలియదు. నాలుగింటికి పాలు కలిపి లేపబోతే పిల్ల ఒళ్లు నిప్పు. ఫిట్స్ వస్తున్నాయి. ట్రాక్టరు తోలుకుంటూ అప్పుడే ఇంటికి వచ్చిన తండ్రి, పెదనాన్న కలిసి నీళ్లు కుమ్మరించి, కారు మాట్లాడుకుని బెజవాడ ఆసుపత్రికి తీసుకొచ్చారు.

బతికింది. పదకొండు రోజులు ఐసీయూలో ఉండి బతికింది. కాకపోతే ఆ వేడికి మెదడు వెనకభాగం దెబ్బతిన్నదని డాక్టర్లు చెప్పారు. నడిస్తే తూలుతుంది. మాట సాగుతుంది. చేతులు వణుకుతాయి, గ్లాసు పట్టుకుంటే సగం ఒలుకుతుంది. బుద్ధికి ఏ లోటూ రాలేదు. జరిగిందంతా ఆ పిల్లకు బాగా అర్థమవుతుంది.

జూన్‌లో నాగమణిగారు, వెంకటేశ్వరరావుగారు షోరూముకు వచ్చారు. అరవలేదు, తిట్టలేదు. ఎందుకు ఆగిపోయిందో చెప్పమన్నారు. ప్రొప్రయిటరుగారు నన్ను తన గదిలోకి పిలిపించి, ఫైలు తెమ్మన్నాడు. తెచ్చాను. ఆయన ఫారం తీసి వాళ్ల ముందు పెట్టి, రిమార్కుల గడి మీద వేలు పెట్టి, "మేం చెప్పాం, మీరే వినలేదు. చూడండమ్మా, మీ చేతిరాతే" అన్నాడు.

వెంకటేశ్వరరావుగారు తల దించుకున్నాడు. నాగమణిగారు కాగితం చేతిలోకి తీసుకుంది. చదివిందో లేదో నాకు తెలియదు. చాలాసేపు చూసింది. వేలితో అక్షరాలను తడిమింది.

"ఇది మా పిల్ల దస్తూరీ. ఈ కాగితం నాకిచ్చేయండి. ఇకమీద ఇట్లా రాయలేదు" అంది.

నష్టపరిహారం అడుగుతారనీ, కోర్టు అంటారనీ కాచుకుని కూర్చున్న మా ప్రొప్రయిటరుగారు కాగితం కోసం చెయ్యి చాపాడు. "అది ఆఫీసు రికార్డమ్మా, ఇవ్వడానికి వీల్లేదు. కావాలంటే జిరాక్సు ఇప్పిస్తాను" అన్నాడు. ఆమె వద్దంది. కాగితం బల్ల మీద పెట్టింది, చెంగుతో ముఖం తుడుచుకుని లేచింది. వాళ్లు మెట్లు దిగాక ఆయన నా భుజం తట్టి, మీ ముందుచూపే మనల్ని కాపాడిందన్నాడు. ఛీ అనిపించింది. పైకి మాత్రం తలూపి, ఫైలు తీసుకెళ్లి బీరువాలో పెట్టాను.

అక్కడే ఆమెకు ఆ కాగితం ఇచ్చెయ్యాల్సింది నేను. నా ఉద్యోగానికి కూడా అదే రక్ష అని తెలుసు కనుక ఇవ్వలేదు. ఇప్పుడు రిటైరయ్యాను కాబట్టి ఈ మాట ధైర్యంగా రాయగలుగుతున్నాను. ఇది ధైర్యం కిందికి రాదని కూడా తెలుసు.

ఆ ఆదివారం ఇద్దరు మెకానిక్కులను వెంటబెట్టుకుని ఆ ఊరు వెళ్లాను, ఆఫీసుకు చెప్పలేదు. సందులోంచి యూనిట్ ఊడదీసి ఉత్తరం గోడకు, కిటికీ పక్కన, దొడ్డివైపు బిగించాం. రెండు గంటల పని. ఏప్రిల్‌లో చేసినా రెండు గంటల పనే. ఈశాన్యం సంగతి ఎవరూ ఎత్తలేదు. సీతారామయ్యగారే నిచ్చెన పట్టుకున్నాడు. పని అయిపోయాక నన్ను దొడ్లోకి పిలిచి డాబా పైకి చూపించాడు. సున్నం తెల్లగా ఉంది. కొబ్బరాకుల పందిరి ఎక్కడా చెదరలేదు.

"మీరు సున్నం కొట్టమంటే కొట్టానా లేదా? పందిరి వెయ్యమంటే వేశానా లేదా? కూలర్ వద్దంటే మావాడు మానుకున్నాడా లేదా? ఈ ఒక్క మాట గట్టిగా ఎందుకు చెప్పలేదండీ? పిల్ల పోద్ది అని ఒక్క ముక్క అంటే, ఈశాన్యం లేదు గాడిదగుడ్డూ లేదు, నేనే తీసుకొచ్చి ఇక్కడ పెట్టేవాణ్ణి గదా!"

నేనేం చెప్పను? నాలుగు సర్వేలు ఉన్నాయని చెప్పనా, విండోలో మిగలదని చెప్పనా? ఆయన అడిగింది న్యాయం. గట్టిగా చెప్పినవన్నీ ఆ ఇంట్లో జరిగాయి. నేను నసిగిన ఒక్కటే జరగలేదు. వాస్తు పట్టింపు వాళ్ల తప్పే అనుకుందాం. దాన్ని దిద్దడానికే కదా కంపెనీ నాకు జీతమిచ్చి ఆ గుమ్మం దాకా పంపింది.

ఆ తరువాత రిటైరయ్యేదాకా ఆ వాక్యం ఎవరిచేతా రాయించలేదు. పనికిరాని చోటైతే ఫారం మీద అడ్డంగా కొట్టేసి, బిగించనని ముఖం మీదే చెప్పేవాణ్ణి. కొందరు తిట్టుకుంటూ మార్చుకున్నారు. కొందరు ఎదురు షాపుకు పోయారు. ప్రొప్రయిటరుగారు నన్ను ఇన్‌ఛార్జి నుంచి తీసి స్పేర్‌పార్టుల స్టోరులో కూర్చోబెట్టాడు. చివరి మూడేళ్లు స్క్రూలు లెక్కపెట్టుకుంటూ గడిపాను. దానికి నేనేం గొప్పపడటం లేదు. నేను మారినందువల్ల ఆ పిల్ల చెయ్యి వణుకు ఆగలేదు.

కిందటేడు రిటైరయ్యే ముందు పాత ఫైళ్లు తూకానికి వేస్తుంటే, ఆ ఫారం వెతికి పట్టుకుని జేబులో పెట్టుకున్నాను. నెల తరువాత కంకిపాడు బస్సెక్కాను. మౌనిక ఇప్పుడు పెద్దదైంది. డిగ్రీ ప్రైవేటుగా చదివింది. పరీక్షలు పక్కన మనిషిని పెట్టుకుని రాయించిందట. గోడ పట్టుకుని నడిచి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. ఉత్తరం కిటికీ పక్కన ఏసీ నడుస్తోంది. దాని గొట్టం నుంచి దొడ్లోకి నీళ్లు కారుతున్నాయి. వాళ్లమ్మ మజ్జిగ తెచ్చింది. నన్ను రమ్మనీ అనలేదు, పొమ్మనీ అనలేదు.

కాగితం తీసి బల్ల మీద పెట్టాను. మౌనిక దాన్ని చేత్తో పట్టుకోలేదు. పడుతుందని కాబోలు, బల్ల మీదే ఉంచి వంగి చదివింది. చాలా మెల్లగా, ఒక్కో మాటా సాగదీస్తూ అంది.

"అక్షరాలు బాగున్నాయి అంకుల్. మాటే బాగాలేదు."

వాళ్లమ్మ ఆ కాగితం మడిచి లోపలికి తీసుకెళ్లింది. నేను మజ్జిగ తాగి లేచాను.

తక్కువలో ఏ ఏసీ కొనాలని ఇప్పటికీ నన్ను అడిగేవాళ్లు ఉన్నారు. ఏ కంపెనీదైనా ఒకటే అంటాను. ఇంటికి వచ్చిన సర్వే మనిషి మీరు చెప్పినదానికల్లా తలాడించి, చివర ఒక వాక్యం రాసి సంతకం పెట్టమంటే, ఆ కలం పట్టుకోవద్దు. ఎక్కడ పెడితే పనిచేయదో నోటితో చెప్పించుకోండి, చెప్పేదాకా గుమ్మం దాటనివ్వవద్దు. ఆ మాట చెప్పడమే అతని పని, మిగతాదంతా టేపు కొలుస్తుంది.